గిన్నెలో ఆపాలా, మందలో ఆపాలా

నరాల డాక్టరు: నేను అడిగేది ఒక్కటే మేడమ్. కాచని పాలు అమ్మకూడదు, కాచని పాలతో చేసిన చీజ్ అమ్మకూడదు. 63 డిగ్రీల దగ్గర అరగంటో, 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లో ఉంచితే బ్రూసెల్లా చచ్చిపోతుంది. అంత తేలిగ్గా చచ్చే క్రిమిని పాలలో బతకనిచ్చి, ఆ తర్వాత మనిషి వెన్నులోంచి నీరు తీసి దానికోసం వెతకడం అన్యాయం. దానితో వచ్చే జబ్బు మొదట్లో వట్టి జ్వరంలాగే ఉంటుంది. సాయంత్రానికి పెరుగుతుంది, రాత్రి చెమటకు పక్కబట్టలు తడిసిపోతాయి, తెల్లారేసరికి మనిషి లేచి పనికి పోతాడు. నడుం నొప్పి, కీళ్ల నొప్పి, నోటికి ఏదీ సయించకపోవడం. విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అంటారు. మందులు వాడతాడు, తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది. సోకిన వందమందిలో ఇంచుమించు ఐదుగురికి అది నాడీమండలంలోకి దిగుతుందని లెక్క. మెదడు పొరలు వాస్తాయి. తలనొప్పి, వాంతులు, మతిమరుపు. కొందరికి చెవి నాడి దెబ్బతిని వినికిడి పోతుంది. కొందరికి వెన్నుపాము వాచో, వెన్నుపూస కుళ్లి నొక్కడం వల్లో కాళ్లు పట్టు తప్పుతాయి, మూత్రం మీద అదుపు ఉండదు. ఇంకొందరు పొంతన లేకుండా మాట్లాడతారు, ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. ఇదంతా ఒక గ్లాసు పాలతో మొదలై ఉండొచ్చు.

పశువుల డాక్టరు: ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు సార్, నా అభ్యంతరమంతా అక్కడే. మన ఇళ్లలో పాలు కాచకుండా ఎవరు తాగుతున్నారు? పల్లెల్లో మొన్నమొన్నటి దాకా పొద్దున పితికిన పాలు దాలిలో పిడకల సెగ మీద మధ్యాహ్నం దాకా కాగేవి. మీరు చెప్పిన 15 సెకన్లు ఎక్కడ, ఆ నాలుగైదు గంటలు ఎక్కడ? మన పెరుగు, వెన్న, నెయ్యి అన్నీ కాగిన పాలలోంచి వచ్చినవే. జున్ను కూడా ఉడికించేదే. మన దగ్గర ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది చేతుల్లోంచి. ఆరో నెలో ఏడో నెలో నిండిన చూడి గేదె ఈసుకుపోతుంది. మాయ పడదు. ఇంటావిడే చెయ్యి పెట్టి లాగుతుంది, లేదా ఊళ్లో గొడ్లకు ప్రథమ చికిత్స చేసే గోపాలమిత్రను పిలుస్తారు, అతని దగ్గర తొడుగులు అయిపోయి ఉంటాయి. ఆ మాయలో, ఆ ఉమ్మనీటిలో క్రిములు లెక్కకు అందనంత ఉంటాయి. చేతి మీద చిన్న గీత చాలు, కళ్లలో ఒక చుక్క చిందినా చాలు. కబేళాలో పనిచేసేవాళ్లూ, గొర్రెలు కాసేవాళ్లూ, మా శాఖలో టీకాలు వేసేవాళ్లూ అంతే. మీ చట్టంతో పాల ప్యాకెట్ కొనుక్కునేవాడు ఇంకాస్త నిశ్చింతగా ఉంటాడు. ఆ ఇంటావిడ చేతులు ఎప్పటిలాగే ఉంటాయి.

నరాల డాక్టరు: చేతుల మాట ఒప్పుకుంటున్నాను. అయితే కాచుకుని తాగే అలవాటు రాయి మీద చెక్కింది కాదు మేడమ్. గుమ్మపాలు పొదుగు కింద కూర్చుని తాగితే బలమని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ధారోష్ణం అమృతమని ఆయుర్వేదం చెప్పిందంటూ కాచని పాలను గొప్పగా అమ్మేవాళ్లు నగరాల్లో కొత్తగా వస్తున్నారు. డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చి మేకపాల కోసం పరిగెత్తేవాళ్లున్నారు. బ్రూసెల్లాల్లో మనిషిని ఎక్కువగా పీడించే మెలిటెన్సిస్ రకం ఉండేది మేకల్లో, గొర్రెల్లోనే. అసలే జ్వరంలో ఉన్నవాడి నోట్లో ఆ పాలు పోస్తున్నారు.

ఇక గల్ఫ్ సంగతి. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కీ సౌదీకీ వెళ్లినవాళ్లలో కొందరు ఎడారిలో గొర్రెల వెంట, ఒంటెల వెంట బతుకుతారు. ఒంటెపాలు కాచకుండా తాగడం అక్కడి ఆచారం. ఖుబ్జ్ రొట్టె, ఆ పాలు, అదే తిండి. అక్కడి ఆస్పత్రుల్లో ఈ జబ్బు కొత్త కాదు. కువైట్, రియాద్ డాక్టర్లు బ్రూసెల్లా నాడీమండలాన్ని ఎన్ని రకాలుగా దెబ్బతీస్తుందో 1980ల్లోనే వివరంగా రాశారు. మనవాడు మాత్రం జ్వరంతోనే విమానం దిగి, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మొదలుపెట్టి, నెలల తర్వాత మా దగ్గరికి వస్తాడు. అప్పటికి పిలిస్తే పలకడు. మనం అరిచి అడగాలి.

పశువుల డాక్టరు: అతనికి ఆ పాలు ఎవరూ అమ్మలేదు కదా సార్. యజమాని మందలోవే పితుక్కుని తాగాడు. ఎడారిలో నీళ్ల ట్యాంకరు రాని రోజున అతనికి దాహం తీర్చింది కూడా ఆ పాలే అయి ఉంటుంది. అమ్మకాన్ని నిషేధించే చట్టం అమ్మకమే లేని చోట ఏం చేస్తుంది?

నరాల డాక్టరు: చెయ్యగలదు. స్కాట్లండ్‌లో చేసింది. అక్కడ 1983లో కాచని పాల అమ్మకాన్ని ఆపేశారు. పాలవల్ల వచ్చే జబ్బులు బాగా తగ్గాయి గానీ, డెయిరీల్లో పనిచేసే కూలీల కుటుంబాల్లో మిగిలిపోయాయి. కారణం మీరు చెప్పిందే. వాళ్లకు పాలు జీతంలో భాగంగా ఇచ్చేవాళ్లు, అది అమ్మకం లెక్కలోకి రాలేదు. 1986లో చట్టాన్ని ఆ పాలకు కూడా వర్తింపజేశారు. కూలీ తాగే గ్లాసు దాకా చట్టం వెళ్లగలదని చెప్పడానికి నాకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. వెళ్లాలనే పట్టుదల ఉండాలి.

పశువుల డాక్టరు: స్కాట్లండ్‌లో ఆ కూలీకి పక్క వీధిలో పాశ్చరైజ్ చేసిన సీసా దొరుకుతుంది సార్. ఎడారిలో ఏం దొరుకుతుంది? ప్రత్యామ్నాయం చేతిలో పెట్టి నిషేధిస్తే అది రక్షణ. లేకుండా నిషేధిస్తే ఆకలి.

నరాల డాక్టరు: అయితే మాల్టా చూడండి. ఈ జబ్బుకు మాల్టా జ్వరమని పేరు వచ్చింది అక్కడినుంచే. బ్రిటిష్ సైనికులు ఆ దీవిలో దిగితే చాలు, నెలల తరబడి మంచాన పడేవాళ్లు. 1887లో డేవిడ్ బ్రూస్ చనిపోయిన సైనికుల ప్లీహంలోంచి క్రిమిని పట్టుకున్నాడు. అది మనిషిలోకి ఎలా వస్తోందో మరో 18 ఏళ్లు తెలియలేదు. దోమలన్నారు, దుమ్మన్నారు, మురుగన్నారు. 1905లో తెమిస్టోక్లిస్ జమ్మిత్ అనే మాల్టా డాక్టరు మేకల రక్తం పరీక్షించాడు. పుష్టిగా, ఏ జబ్బూ లేనట్టు కనిపించే మేకలు. క్రిమి వాటిలో ఉంది, వాటి పాలలో ఉంది. 1906లో సైన్యానికి మేకపాలు ఆపేసి డబ్బాపాలు ఇచ్చారు. ఏటా వందల్లో పడిపోయే సైనికులు ఒక్క ఏడాది తిరిగేసరికి వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి వచ్చారు. కొత్త మందు లేదు, టీకా లేదు. మందలో ఒక్క మేకను ముట్టుకోలేదు. గిన్నె మార్చారు, అంతే.

పశువుల డాక్టరు: మాల్టా కథ మీరు సైన్యం దగ్గర ఆపేశారు. నేను ఊళ్లోకి తీసుకెళ్తాను. సైనికుడికి డబ్బాపాలు ప్రభుత్వం కొనిచ్చింది. వీధిలో ఉన్న మాల్టా బిడ్డకు ఎవరు కొనిచ్చారు? అక్కడ పాలవాడు మేకల్ని వీధుల్లో తోలుకొచ్చి గుమ్మం ముందే పితికి పోసేవాడు. నీళ్లు కలపలేదనడానికి అదే రుజువు. మన పట్టణాల్లోనూ గేదెను ఇంటి ముందుకు తెచ్చి కళ్లముందు పితికి పోయించుకున్న రోజులు పెద్దవాళ్లకు గుర్తే. కల్తీ భయం ఉన్న మనిషికి ఆ పద్ధతి ఇచ్చిన నమ్మకాన్ని తీసిపారెయ్యకూడదు. ఆ బీదవాళ్లకు మేకపాలు తప్ప వేరే పాలు లేవు. అందుకే సైన్యం బాగుపడ్డాక కూడా మాల్టా జనం జ్వరంలోనే మిగిలారు. పాశ్చరైజేషన్ అక్కడ తప్పనిసరి కావడం 1938లో మొదలైంది. జమ్మిత్ కనిపెట్టి 33 ఏళ్లయింది. నిజం తెలిసిన తర్వాత పోయిన కాలం అది. మీరు దాన్ని గిన్నె గెలుపు అంటున్నారు. జీతం, డబ్బాపాలు ఉన్నవాడి గెలుపు అని నేనంటాను.

నరాల డాక్టరు: 33 ఏళ్లు ఆలస్యమైనందుకు నాకూ కోపమే. కానీ ఆ కోపం నన్ను నిషేధం వైపే తోస్తుంది. 1906లో సైన్యానికి చేసిన పని ఊరికీ చేసి ఉంటే?

పశువుల డాక్టరు: చేసి ఉంటే, బిడ్డకు పాలివ్వడం కూడా చెయ్యాల్సి వచ్చేది. ఆ రెండో పని ఇష్టంలేకే మొదటిదీ చెయ్యలేదు. నాకు అర్థమైంది అదే.

నరాల డాక్టరు: దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకొక మనిషి గురించి చెప్తాను. అమెరికాలో ఆలిస్ ఎవాన్స్. ప్రభుత్వ డెయిరీ విభాగంలో పనిచేసిన శాస్త్రవేత్త. ఆవుల్లో గర్భాలు పోగొట్టే క్రిమి, మాల్టా మేకల క్రిమి దాదాపు ఒకటేననీ, ఆరోగ్యంగా కనిపించే ఆవు పాలలోనూ అది ఉంటుందనీ 1918లో ప్రచురించింది. పాలు పాశ్చరైజ్ చెయ్యాలంది. నమ్మలేదు. ఆడమనిషి, డాక్టరేట్ లేదు, పైగా పాల వ్యాపారానికి నచ్చని మాట. 1922లో ఆ క్రిమే ఆమెకు సోకింది. ఇరవై ఏళ్లపాటు వచ్చిపోతూ పీడించింది. చాలాకాలం డాక్టర్లు అది నరాల బలహీనత అన్నారు, ఒంట్లో ఏమీ లేదన్నారు. ఆ క్రిమిని అందరికంటే బాగా ఎరిగిన మనిషికే ఆ మాట చెప్పారు! ఈ జబ్బు మనసునూ పడుతుంది. తీరని అలసట, దిగులు, నిద్ర లేకపోవడం. స్కానింగ్‌లో ఏమీ కనపడదు. ఒంట్లో ఏమీ లేదని పంపేసినవాళ్లలో ఎందరు ఇలాంటివాళ్లో అని నేను రాత్రిళ్లు ఆలోచిస్తాను. రోగాన్ని గుర్తించడం మాకు ఇంత కష్టమైనప్పుడు దాన్ని రాకుండా ఆపడం మీద ఆశ పెట్టుకోవడం తప్పా?

పశువుల డాక్టరు: తప్పు కాదు. కానీ గుర్తించడం ఎందుకు కష్టమవుతోంది సార్? మీరు రోగిని షుగరు ఉందా, బీపీ ఉందా, తాగుతావా అని అడుగుతారు. ఇంట్లో గొడ్లున్నాయా, ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా అని ఎప్పుడైనా అడిగారా? ఆ ఒక్క ప్రశ్నకు చట్టం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

నరాల డాక్టరు: అడగం. ఇది మా లోపమే. ఎంత దూరం వెళ్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఇది మీకు ఉపయోగపడే వాదన. వెన్నునీటిలో లింఫోసైట్లు ఎక్కువ, ప్రోటీన్ ఎక్కువ, గ్లూకోజ్ తక్కువ. మన దేశంలో ఆ రిపోర్టు చూడగానే ఏ డాక్టరైనా టీబీ మెనింజైటిస్ అనే అనుకుంటాడు. చాలాసార్లు అది నిజం కూడా. టీబీ మందులు మొదలుపెడతాం. అందులో రిఫాంపిసిన్ ఉంటుంది, బ్రూసెల్లా మీద అదీ పనిచేస్తుంది. రోగి కాస్త తేరుకుంటాడు, మన నిర్ణయం సరైందని మనమూ నమ్ముతాం. ఆ మందు ఒక్కటే ఈ క్రిమికి చాలదు, తిరగబెడుతుంది. ఈలోపు చెవి నాడి పోతుంది. స్ట్రెప్టోమైసిన్ కూడా ఇచ్చి ఉంటే, చెవిని జబ్బు తీసిందో మందు తీసిందో తేల్చడం కూడా కష్టం. అసలు ఇవ్వాల్సింది డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి, మొదటి వారాల్లో సెఫ్ట్రయాక్సోన్ తోడు చేసి, నెలల తరబడి. రక్తంలో, వెన్నునీటిలో బ్రూసెల్లాకు పరీక్ష చెయ్యమని ఒక్క గీత రాయాలి. కల్చర్‌కు పంపితే అనుమానం ఏమిటో ల్యాబ్‌కు ముందే చెప్పాలి, లేకపోతే అక్కడ పనిచేసేవాళ్లకు గాలిలోంచే సోకుతుంది. ఆ గీత రాయాలంటే అనుమానం రావాలి. అనుమానం రావాలంటే మీరన్న ప్రశ్న అడగాలి.

పశువుల డాక్టరు: మీరు ఇంత నిజాయితీగా చెప్పారు కాబట్టి మా వైపు లోపం నేనూ చెప్తాను. పాలు కాచుకుంటారులే అనే ధీమాతో మా శాఖ చాలా ఏళ్లు ఈ జబ్బును చిన్నదిగా చూసింది. గాలికుంటుకు ఇచ్చిన ప్రాధాన్యం దీనికి ఇవ్వలేదు. ఈసుకుపోయిన దూడను వాగులో పడేస్తుంటే, కుక్కలకు వేస్తుంటే చూసి ఊరుకున్నాం. సున్నం వేసి లోతుగా పూడ్చమని చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది? మాయ పడని గేదెను అదే సంతలో అమ్మేస్తారు, కొన్నవాడికి చెప్పరు. చెప్తే ఎవరు కొంటారు? వాడి అప్పు ఎవరు తీరుస్తారు?

అందుకే నేను మంద దగ్గరికే తిరిగి వస్తాను. ఆస్ట్రేలియా 1970లో మొదలుపెట్టి 1989కి తన పశువుల్లో ఈ రోగం లేదని ప్రకటించుకుంది. పరీక్షించారు, సోకినదాన్ని కబేళాకు పంపారు, రైతుకు పరిహారం కట్టారు. మనకు ఆ దారి లేదు. సోకిన ఆవును కబేళాకు పంపే చట్టం లేదు, గేదెను పంపే మనసు దాన్ని సాకినవాడికి ఉండదు. మనకున్నది టీకా. 2019లో కేంద్రం గాలికుంటుకూ బ్రూసెల్లాకూ కలిపి 13,343 కోట్లతో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడకు ఎస్19 టీకా జీవితంలో ఒక్కసారి వేస్తే చాలు. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా. వేసేటప్పుడు సూది చేతికి గుచ్చుకుంటే మాకే జబ్బు వస్తుంది. అయినా వేస్తున్నాం. ఊరూరా పెయ్యలన్నిటికీ పడితే ఈసుకుపోయే గొడ్లు తగ్గుతాయి, మాయ లాగే చేతులకు ప్రమాదం తగ్గుతుంది, పాలలోనూ క్రిమి తగ్గుతుంది. ఆ ఇంటావిడకూ, పాలు కొనేవాడికీ ఒకేసారి మేలు. మీ నిషేధం రెండోవాడికి మాత్రమే.

నరాల డాక్టరు: మేకలకూ గొర్రెలకూ?

పశువుల డాక్టరు: ఆ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా ఆవు, గేదె పెయ్యలకే.

నరాల డాక్టరు: అంటే మనిషికి అన్నిటికంటే ప్రమాదమైన రకం ఉన్న జీవాలు బయటే ఉన్నాయి. ఊళ్ల మీద ఊళ్లు దాటి, రాష్ట్రాలు దాటి తిరిగే మందలవి. ఇక పెయ్యల సంగతి. ఈ ఏడాది టీకా వేసిన పెయ్య ఈని పాలిచ్చేసరికి మూడు నాలుగేళ్లు. పాత గొడ్లన్నీ పోయి మంద మొత్తం టీకా పడ్డదే కావాలంటే ఇంకెంత కాలం? మీ దారి సరైందే, నేను కాదనడం లేదు. ఆ దారి పూర్తయ్యేలోపు వచ్చే జబ్బులకు మీరేం చెప్తారు అని అడుగుతున్నాను. ఇంకో మాట. మందను శుభ్రం చేసినా అది శాశ్వతం కాదు. ఫ్రాన్స్ 2005 నుంచి ఆవుల్లో ఈ రోగం లేని దేశం. 2012లో ఆల్ప్స్ కొండల్లో, హోత్ సవోయిలో, మనుషులకు సోకింది. ఆరా తీస్తే ఒక ఆవుల మంద, అక్కడి పచ్చిపాల చీజ్. దాని వెనక, ఆ కొండ మీద తిరిగే అడవి మేకల్లో ఎవరూ పట్టించుకోకుండా ఏళ్లుగా మిగిలిపోయిన క్రిమి. అంత కట్టుదిట్టమైన దేశంలో కూడా మందను నమ్ముకుంటే సరిపోలేదు.

పశువుల డాక్టరు: అదే ఫ్రాన్స్ ఆ తర్వాత ఏం చేసిందో కూడా చెప్పండి సార్. ఆ మందను తీసేశారు, అడవి మేకల్ని పరీక్షించి చాలావాటిని చంపారు. దాని మీద పెద్ద గొడవే జరిగింది. కానీ ఆ కొండప్రాంతపు రెబ్లోషాన్ చీజ్ నేటికీ పచ్చిపాలతోనే చేస్తున్నారు. దాన్ని నిషేధిస్తే ఆ కొండ మీద ఆవుల్ని మేపే కుటుంబాలు దిగిపోతాయని వాళ్లకు తెలుసు. ప్రతి మందనూ పరీక్షిస్తారు, అందుకు డబ్బు పెడతారు.

నరాల డాక్టరు: మన దగ్గర ఆ పరీక్షలు, ఆ డబ్బు ఉన్నాయా?

పశువుల డాక్టరు: లేవు.

నరాల డాక్టరు: అప్పుడు గిన్నె తప్ప ఏం మిగిలింది?

పశువుల డాక్టరు: గిన్నె ఎవరిదో చూడాలి. రెండు గేదెలున్న ఆడమనిషి క్యాన్‌లో పాలు తీసుకెళ్లి పది ఇళ్లకు పోస్తుంది. కొన్నవాళ్లు కాచుకుంటారో, పచ్చివే తాగుతారో ఆ క్యాన్ మీద రాసి ఉండదు. మీ చట్టం ఆ తేడా చూడలేదు, అందుకే మీరు చిన్నదనుకున్న నిషేధం ఆమెకు పెద్దది. ఇళ్లకు పోస్తే వచ్చే ధర వెన్న శాతం కట్టి ఇచ్చే పాల సెంటర్లో రాదు. ఆ తేడాతోనే పిల్లల ఫీజులు కడుతుంది.

నరాల డాక్టరు: సరే, ఒక మెట్టు దిగుతాను. ఆ క్యాన్ జోలికి నేను పోను. పచ్చివే తాగండి, కాచితే గుణాలు పోతాయి అని ప్రచారం చేసి అమ్మేవాళ్లను ఆపుదాం. పచ్చిపాల చీజ్‌ను ఆపుదాం. జబ్బుకు మందు అని పచ్చి మేకపాలు అమ్మడం ఆపుదాం. గల్ఫ్‌కు వెళ్లే కాపరికి బయల్దేరే ముందే ఈ సంగతి చెప్పి, పాలు కాచుకోవడానికి పొయ్యి, గిన్నె ఇవ్వాలని ఒప్పందంలో రాయిద్దాం. ఈసుకుపోయిన గొడ్డు ఉన్న ఇంట్లో జ్వరం వస్తే మీరు నాకు చెప్పండి, నా దగ్గర బ్రూసెల్లా తేలితే ఆ ఊరి పేరు మీకు చెప్తాను. ఇప్పుడైనా ఒప్పుకుంటారా?

పశువుల డాక్టరు: చాలావాటికి ఒప్పుకుంటాను. ఆఖరిదానికి మాత్రం షరతు ఉంది. మీరు ఊరి పేరు చెప్పిన మర్నాడు ఆ ఊరి పాలు ఎవరూ కొనరు. ఆ రోజు ఆ పాలను ప్రభుత్వం అదే ధరకు కొని కాచి వాడుకుంటుందని, సోకిన గొడ్డును విడిగా మేపడానికి డబ్బిస్తుందని అదే కాగితం మీద ఉండాలి. లేకపోతే ఏ ఇంటివాళ్లూ ఈసుకుపోయిందని మాకు చెప్పరు. రోగం దాక్కుంటుంది, మీకు ఇంకా ఆలస్యంగా వస్తుంది.

నరాల డాక్టరు: ప్రభుత్వం నా సగానికి సంతకం పెట్టి మీ సగాన్ని తర్వాత చూద్దామంటే?

పశువుల డాక్టరు: అప్పుడు నేను వ్యతిరేకిస్తాను.

నరాల డాక్టరు: నేను సంతకం పెడతాను మేడమ్. ఆ సగం కోసం మీతో కలిసి పోరాడతాను, కానీ ఈ సగాన్ని వదులుకోను. వినికిడి ఒకసారి పోయాక చాలామందికి తిరిగి రాదు.

పశువుల డాక్టరు: పాలు కొనేవాళ్లు వదిలేసిన ఇల్లు కూడా తిరిగి కోలుకోదు సార్.